నీళ్లిచ్చిన చేత్తోనే మరుగు కూడా ఇద్దాం

ఆత్మకూరు నుంచి కర్నూలుకు పని మీద బస్సెక్కే ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. “పొద్దున్నుంచీ నీళ్లు ముట్టలేదు” అంటుంది. ఎందుకమ్మా అంటే, “తాగితే దారిలో ఇబ్బంది కదా, బస్సు ఆపమని ఎవరిని అడుగుతాం?” అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఫజర్ నమాజుకు ముందు ఒంటేలుకు వెళ్లిన మనిషి, నందికొట్కూరు మీదుగా కర్నూలు చేరి, అక్కడ పని చూసుకుని తిరిగి ఇల్లు చేరేదాకా మళ్లీ ఆ ఊసెత్తదు. అప్పటికి అసర్ వేళ దాటిపోతుంది. ఇటు దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవారిదీ ఇదే కథ. నల్లమల అడవిలో, పులుల అభయారణ్యం గుండా సాగే ఆ దారిలో ఆడవాళ్లు దిగి వెళ్లడానికి మరుగెక్కడిది?

దీన్ని మనం ఓర్పు అంటాం. బిడియం అంటాం. మంచి ఇంటి ఆడపిల్ల లక్షణం అని మెచ్చుకుంటాం కూడా. వైద్యులు మాత్రం దీన్ని జబ్బుకు తలుపు తీయడం అంటారు. దాహాన్ని చంపుకోవడం ఒక తప్పు, వచ్చిన మూత్రాన్ని ఆపుకోవడం రెండో తప్పు. మన ఇళ్లలో ఈ రెండూ జంటగా నడుస్తున్నాయి.

ఇలాంటి విషయాలు పత్రికలో చదవడానికి కొందరికి మొహమాటంగా ఉండవచ్చు. కానీ మన ధర్మంలో దీనికి మొహమాటం లేదు. మీ ప్రవక్త కాలకృత్యాల గురించి కూడా నేర్పుతారటగా అని కొందరు ఎగతాళి చేసినప్పుడు, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) అవునని నిస్సంకోచంగా చెప్పి, నేర్పిన మర్యాదలను వివరించారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయనకు లేని సిగ్గు మనకెందుకు?

లోపల జరిగే పని

వెన్నెముకకు అటూ ఇటూ పిడికిలంత పరిమాణంలో రెండు మూత్రపిండాలుంటాయి. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపేసి, ఒంటికి అక్కర్లేని లవణాలను, మలినాలను లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీటితో కలిపి మూత్రంగా బయటికి తోస్తాయి. మనం నీళ్లు తక్కువ తాగితే మలినాలు తగ్గవు. అవే మలినాలు కొద్దిపాటి నీటిలో చిక్కగా బయటికి రావలసి వస్తుంది. ముదురు రంగు, ఘాటు వాసన, మంట అన్నీ అందుకే.

అలా తయారైన మూత్రం బొట్టు బొట్టుగా మూత్రాశయంలోకి దిగుతుంది. ఇది సాగే తిత్తి లాంటిది. సుమారు 150 నుంచి 250 మిల్లీలీటర్లు చేరేసరికి మెదడుకు మొదటి కబురు పంపుతుంది. 400, 500 మిల్లీలీటర్లకు నిండుతుంది. మొదటి కబురుకే పరుగెత్తనక్కర్లేదు. ‘ఎందుకైనా మంచిది’ అని అరగంటకోసారి వెళ్లడమూ మంచి అలవాటు కాదు, తిత్తి కొద్ది మూత్రానికే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. అలాగని రెండో కబురు, మూడో కబురు కూడా తోసిపుచ్చి గంటల తరబడి బిగబట్టడం హాని. పగటిపూట మూడు నాలుగు గంటలకోసారి, రోజు మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్లడం ఆరోగ్యవంతులకు సహజం.

ఆపుకుంటే ఏమవుతుంది?

మలద్వారం దగ్గర సహజంగా ఉండే సూక్ష్మక్రిములు ఒక్కోసారి మూత్రనాళంలోకి చేరుతుంటాయి. ఎప్పటికప్పుడు మూత్రం వెళ్తుంటే ఆ ధారతో అవీ కొట్టుకుపోతాయి. పారే వాగులో నాచు పట్టదు, నిలిచిన కుంటలో పడుతుంది. ఇదీ అంతే. మూత్రం గంటల తరబడి నిలిస్తే క్రిములు పెరగడానికి సమయం దొరుకుతుంది.

ఈ బాధ ఆడవారికే ఎక్కువ. మగవారిలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటే, ఆడవారిలో 4 సెంటీమీటర్లే. క్రిములకు దారి దగ్గర. ఆడవారిలో సగం మందికి జీవితంలో ఒక్కసారైనా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వెళ్తుంటే చురుకు, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి దీని గుర్తులు. ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటే ఇన్‌ఫెక్షన్ పైకి పాకి మూత్రపిండాలకు చేరవచ్చు.

దీనికి నీటికి మించిన నివారణ తక్కువ. 2018లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. మాటిమాటికీ ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత ఏడాది పాటు రోజూ మామూలు కంటే లీటరున్నర నీళ్లు ఎక్కువ తాగించారు. ఆ జట్టులో ఇన్‌ఫెక్షన్లు రెండో జట్టుతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. ఒక్క మాత్ర ఖర్చు లేకుండా వచ్చిన మేలు ఇది.

బయట రాయి కొట్టేవాడి లోపల రాయి

మనది ఎండనేల. కర్నూలు, నంద్యాల, కడప వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఒంట్లోని నీరంతా చెమటగా పోతే మూత్రానికి మిగిలేది కొంచెమే. ఉప్పునీళ్లు ఎండలో పెడితే గిన్నె అడుగున ఉప్పు పేరుకున్నట్టు, చిక్కబడిన మూత్రంలో లవణాలు పేరుకుని రాళ్లవుతాయి. బేతంచర్ల, బనగానపల్లె నాపరాయి గనుల్లో రాయి కొట్టేవారు, మేస్త్రీలు, మిరప, పత్తి చేలల్లో కూలి చేసేవారు, పెళ్లిళ్లలో దేగిశాల ముందు నిలబడి వంట చేసేవారు, మధ్యాహ్నమంతా ఆటో తోలేవారు, వీరందరికీ ఈ ముప్పు ఎక్కువ.

ఒకసారి రాయి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. ఇటలీలో ఒకసారి రాయి వచ్చిన 199 మందిని అయిదేళ్లు గమనించి 1996లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికే రాయి తిరిగి వచ్చింది. అలా తాగనివారిలో 27 శాతం మందికి వచ్చింది. తాగిన నీళ్లు కొంత చెమటగా పోతాయి కాబట్టి, ఎండలో పనిచేసేవారు లెక్క చూసుకోవలసింది తాగిన నీటిని కాదు, వెళ్లిన మూత్రాన్ని.

రాళ్లు వచ్చాయనగానే చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. ఇది పొరపాటు. తిండిలో మామూలుగా ఉండే కాల్షియం, ఎక్కువమందికి వచ్చే ఆక్సలేట్ రాళ్లను నిజానికి తగ్గిస్తుంది. తగ్గించవలసింది ఉప్పు. మూడు పూటలా ఊరగాయ, ఉప్పు మిరపకాయలు నంజుకునే మన ఇళ్లలో ఈ మాట గుర్తుంచుకోవాలి. ఉలవకట్టు, కొండపిండి ఆకు అంటూ ఇంటివైద్యం చేసుకునేవారు కూడా, నొప్పితో పాటు జ్వరం ఉంటే ఒక్కరోజు సైతం ఆలస్యం చేయరాదు.

ఎండలో విరామం లేని శ్రమ రాళ్లతోనే ఆగదు. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలు నడివయసు రాకముందే మూత్రపిండాలు చెడి చనిపోతుంటే పరిశోధకులు కారణాలు వెతికారు. మండుటెండలో ఆగకుండా చేసే పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం వాటిలో ముఖ్యమైనవిగా తేలాయి. అక్కడి తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి అనే మూడు మాటలతో కార్యక్రమాలు మొదలుపెట్టారు. కూలీలను పిలిచే మన రైతులు, మేస్త్రీలు కూడా ఈ మూడు మాటలు గుర్తుంచుకోవాలి.

ఎంత తాగాలి? ఏం తాగాలి?

పెద్దవారికి రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఎండలో పనిచేసేవారికి, పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువే కావాలి. లెక్క గుర్తుండకపోతే మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు, గడ్డి రంగు ఉంటే మంచిది. ఆవనూనె రంగులోకి తిరిగితే వెంటనే నీళ్లు తాగాలి. టీ డికాక్షన్ రంగులో ఉంటే, నీళ్లు తాగాక కూడా మారకపోతే, వైద్యునికి చూపించాలి. నిద్ర లేవగానే కాస్త ముదురుగా ఉండటం సహజం. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే పచ్చగా, బీట్‌రూట్ తింటే ఎర్రగా రావచ్చు, వాటికి భయపడనక్కర్లేదు.

ఒకేసారి చెంబెడు గడగడా తాగడం కంటే కొద్దికొద్దిగా రోజంతా తాగడం మేలు. కూర్చుని, మధ్యలో ఊపిరి తీసుకుంటూ మూడు విడతలుగా నీళ్లు తాగడం దైవప్రవక్త (స) సంప్రదాయం. కుండ నీళ్లు, పలుచటి మజ్జిగ, రాగి అంబలి, నిమ్మకాయ నీళ్లు, సబ్జా గింజల నీళ్లు, కర్బూజ, దోసకాయ మన ఇళ్లలో దొరికేవే. నల్లమల గడ్డలతో చేసే సుగంధి షర్బత్ మన సీమ వేసవికి పెట్టింది పేరు. అయితే అందులో చక్కెర పాళ్లు చూసుకోవాలి. కూల్‌డ్రింకులు దాహానికి మందు కావు.

చెమట ధారగా కారినప్పుడు, వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఒట్టి నీళ్లు చాలవు. ఓఆర్ఎస్ పొడి ఇంట్లో ఉంచుకోండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. ఉప్పు ఇంతకు మించరాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే ఎందరో కలరా రోగుల ప్రాణాలు నిలిపారు. కొనేటప్పుడు జాగ్రత్త. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వేయరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి కొనండి.

ఒక హెచ్చరిక. గుండె బలహీనంగా ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ముదిరినవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఈ లెక్కలు పాటించరాదు. వారు ఎంత తాగాలో వారి వైద్యుడే చెప్పాలి.

వజూ నిలవాలని దాహం చంపుకోవద్దు

మన ఇళ్లలో పెద్ద వయసు దాదీలు, నానీలు మగ్రిబ్‌కు చేసిన వజూతోనే ఇషా కూడా చదవాలని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. కొందరు మూత్రం వస్తున్నా బిగబట్టుకునే నమాజుకు నిలబడతారు. భక్తితో చేసే పనే, కాదనలేం. కానీ మలమూత్రాల ఒత్తిడితో సతమతమవుతూ నమాజు చదవవద్దని దైవప్రవక్త (స) వారించారు. ముందు ఆ అవసరం తీర్చుకుని, తిరిగి వజూ చేసుకుని ప్రశాంతమైన మనసుతో నిలబడటమే పద్ధతి. నీళ్లు కరువైన ఊరు కదా అంటారేమో! ఆయన దాదాపు ముప్పావు లీటరుకు మించని నీటితోనే వజూ పూర్తి చేసేవారు. మళ్లీ వజూ చేయడానికి ఒక చెంబు చాలు.

వయసు వల్లో, కాన్పుల వల్లో, దగ్గినా తుమ్మినా చుక్కలు పడే తల్లులు మరీ కుంగిపోతారు. బట్టలు పాకీగా లేవని నమాజుకే దూరమవుతారు. ఎవరికీ చెప్పుకోలేక నీళ్లు మానేస్తారు. ఇలా ఆగకుండా చుక్కలు పడేవారిని షరీఅత్ మాజూర్‌గా పరిగణిస్తుంది. ప్రతి నమాజు వేళకు తాజాగా వజూ చేసుకుని చదువుకోవచ్చని హనఫీ పండితులు చెబుతారు. మీ పరిస్థితి ఆ కోవలోకి వస్తుందో లేదో మీ మస్జిద్ ఇమాం గారిని ఇంట్లోని మగవారి ద్వారానైనా అడిగి తెలుసుకోండి. వైద్యమూ ఉంది. మూత్రాన్ని ఆపేటప్పుడు బిగించే కండరాలను రోజుకు మూడు పూటలు, పూటకు పదిసార్లు, కొన్ని క్షణాలు బిగించి వదలడం కొన్ని నెలలు చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. దీన్ని మూత్రం పోస్తున్న సమయంలో మాత్రం చేయకూడదు.

ఇస్తింజా విషయంలో ఆడపిల్లలకు తల్లులు తప్పక నేర్పవలసింది ఒకటుంది. కడగడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే జరగాలి. వెనక నుంచి ముందుకు కడిగితే మలద్వారం దగ్గరి క్రిములను మనమే మూత్రనాళానికి అందించినట్టు. శుభ్రమైన నీరు చాలు. ఘాటైన సబ్బులు, క్రిమిసంహారక మందులు ఆ భాగంలో వాడితే లేనిపోని మంట. లోపలి బట్టలు నూలువైతే మంచిది. దాంపత్యం తర్వాత స్త్రీలు మూత్రానికి వెళ్లి శుభ్రపరచుకోవడం కూడా మేలు చేస్తుంది.

తొందర తొందరగా లేచిపోకుండా, ముక్కకుండా, తిత్తి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. బయటి మరుగుదొడ్లలో కమోడు అంటుకోకుండా గాలిలో వంగి నిలబడితే కండరాలు బిగుసుకుని మూత్రం మిగిలిపోతుంది. మగవారు కూర్చుని పోసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారిలో కూర్చుంటే తిత్తి మరింత బాగా ఖాళీ అవుతున్నట్టు నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు పాత పరిశోధనలన్నీ జోడించి 2014లో తేల్చారు.

రోజాల నెలలో

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019 సంవత్సరాల్లో మండే మే నెలలో రోజాలు పాటించాం. 2025లో మార్చిలో పాటించాం. మార్చి అంటే సీమలో ఎండ ముదిరే కాలమే. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా ఉన్న సమయంలోనే రోజంతటికీ కావలసిన నీరు ఒంటికి అందాలి. ఇఫ్తార్ వేళ రెండు గ్లాసులు, మగ్రిబ్ తర్వాత ఒకటి, తరావీహ్‌కు ముందూ వెనుకా రెండు, పడుకోబోయే ముందు ఒకటి, సహరీలో రెండు అని పంచుకుంటే ఎనిమిది గ్లాసులు ఇబ్బంది లేకుండా పూర్తవుతాయి. సహరీ చివరి నిమిషంలో చెంబెడు తాగితే అది గంటలో మూత్రంగా పోతుంది తప్ప నిలవదు. ఉప్పు, మసాలా, వేపుళ్లు సహరీలో తగ్గిస్తే పగలు దాహం తగ్గుతుంది.

రోగులకు, ప్రయాణికులకు రోజా విషయంలో సడలింపు ఖుర్ఆన్‌లోనే ఉంది. మూత్రపిండాల జబ్బు, మాటిమాటికీ రాళ్లు, అదుపు తప్పిన మధుమేహం ఉన్నవారు, గర్భిణులు రంజాన్‌కు ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

బడికి వెళ్లే ఆడపిల్ల

సాయంత్రం బడి నుంచి వచ్చిన ఆడపిల్ల సంచి ఇంటి గుమ్మంలోనే పడేసి దొడ్డివైపు పరుగెత్తుతుంటే నవ్వి ఊరుకోకండి. నీళ్ల సీసా తీసి చూడండి. పొద్దున నింపిన సీసా నింపినట్టే ఉంటే ఆ పిల్ల రోజంతా దాహం చంపుకుందని అర్థం. పక్క తడపడం, పగలు చుక్కలు పడటం, మలబద్ధకం కూడా ఈ ఆపుకునే అలవాటుకు తోబుట్టువులే. పిల్లను కొట్టడం, తిట్టడం కాదు చేయవలసింది. బడిలో మరుగుదొడ్డి ఎలా ఉంది, తలుపుకు గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా, అడిగితే టీచరు పంపుతున్నారా అని కనుక్కోవాలి.

2019 చివర్లో కేరళ బడుల్లో ‘వాటర్ బెల్’ అనే మంచి ఆచారం మొదలైంది. గంట కొట్టగానే పిల్లలందరూ నీళ్లు తాగాలి. ఎండలు ముదిరిన 2024 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్ బడుల్లోనూ దీన్ని ప్రవేశపెట్టారు. మెచ్చుకోదగ్గ పని. కానీ తాగిన నీరు బయటికి పోవడానికి చోటు లేకపోతే ఆ గంట మగపిల్లలకే మోగినట్టు. ప్రతి బడిలోనూ మరుగుదొడ్లు, ముఖ్యంగా ఆడపిల్లలకు వేరుగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2012లోనే ఆదేశించింది. కట్టినవి వాడుకలో ఉన్నాయో లేదో చూడటం తల్లిదండ్రుల కమిటీల వంతు.

ఇంట్లో పెద్దలు, గర్భిణులు

అరవై దాటిన మగవారికి ధార సన్నబడటం, మొదలవడానికి ఆలస్యం కావడం, రాత్రి నాలుగైదు సార్లు లేవడం ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన గుర్తులు కావచ్చు. మందులతో తగ్గే కేసులే ఎక్కువ. రాత్రి లేవకుండా ఉండాలంటే పగలు నీళ్లు మానడం కాదు, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించాలి. ఏ వయసువారికైనా విపరీతమైన దాహం, లెక్కకు మించి మూత్రం ఉంటే మధుమేహం పరీక్ష చేయించాలి. గర్భిణుల్లో మంట లేకుండానే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు. దాన్ని వదిలేస్తే నెలలు నిండకముందే కాన్పు వచ్చే ముప్పు ఉంది. అందుకే మూత్ర పరీక్షను తేలిగ్గా తీసుకోరాదు.

మూత్రంలో రక్తం, చలితో జ్వరం, నడుం పక్కన భరించలేని నొప్పి, నిండినట్టున్నా చుక్క కూడా రాకపోవడం, పసిబిడ్డకు ఆరేడు గంటలుగా ఒంటేలు రాకపోవడం, ఈ అయిదింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చలివేంద్రం పక్కన మరొకటి

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఎవరికి వారు పాటించేది. ఒక్కటి మాత్రం ఒంటరిగా సాధ్యం కాదు. ‘నీళ్లు బాగా తాగమ్మా’ అని చెప్పడం సులువు. తాగాక ఎక్కడికి వెళ్లాలో చూపకపోతే ఆ సలహా సగమే.

కేరళలోని కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు రోజంతా నిలబడే ఉండేవారు. వెళ్లడానికి మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేసేవారు. వారి కోసం విజి, ‘పెణ్‌కూట్టు’ అనే సంఘంతో ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2018లో పనివేళల్లో కూర్చునే హక్కు ఇస్తూ కేరళ తన చట్టాన్ని సవరించింది. మరుగుదొడ్డి గౌరవంగా బతికే హక్కులో భాగమని, దేశంలోని అన్ని కోర్టు ఆవరణల్లో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆదేశించింది. కోర్టులకు వర్తించిన న్యాయం మన దుకాణానికి, మన షాదీఖానాకు, మన మిరప చేనుకు వర్తించదా?

మన ఊళ్లలో నీటి దానానికి కొరత లేదు. వేసవి వస్తే చలివేంద్రాలు పెడతాం, ముహర్రంలో సబీల్ పెట్టి షర్బత్ పంచుతాం. చనిపోయిన తల్లి పేరున ఏ దానం మేలని హజ్రత్ సాద్ (రజి) అడిగితే దైవప్రవక్త (స) నీళ్లని చెప్పారని, ఆయన బావి తవ్వించారని చదివాం. అదే ప్రవక్త దారిలో, జనం కూర్చునే నీడలో, నీటి వనరుల దగ్గర మూత్ర విసర్జన చేయవద్దని కూడా గట్టిగా హెచ్చరించారు. దారి వద్దు, నీడ వద్దు, నీటి ఒడ్డు వద్దు. మరి బాటసారి ఎక్కడికి వెళ్లాలి? ఆ చోటు చూపించవలసిన బాధ్యత ఊరిది కాదా?

ఒక పల్లెటూరి అరబ్బు మస్జిద్‌లోనే ఒక మూల మూత్రానికి కూర్చున్న సంఘటన మనందరికీ తెలుసు. సహచరులు కోపంతో లేచారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, అతన్ని మధ్యలో నిలపవద్దన్నారు. పూర్తయ్యాక ఆ చోట బొక్కెనెడు నీళ్లు పోయించి, అతనికి మెల్లగా నచ్చజెప్పారు. మనిషి అవసరాన్ని ముందు గౌరవించాలి, మర్యాద తర్వాత నేర్పవచ్చు అన్నది అందులోని పాఠం.

రోడ్డు పక్కనున్న మస్జిద్ కమిటీలు మగవారి వజూఖానాతో పాటు, బాట వైపు వేరే తలుపుతో ఆడవారికి ఒక మరుగుదొడ్డి కట్టించవచ్చు. బట్టల దుకాణం యజమాని వెనక గది తాళం చెవి కొనేవారికీ, పనిచేసే పిల్లలకీ అందుబాటులో ఉంచవచ్చు. చేలో పదిమంది ఆడకూలీలను పెట్టుకునే రైతు నాలుగు గుంజలు పాతి గోనెపట్టా చుట్టి, లోపల ఒక డ్రమ్ము నీళ్లు, ఒక బద్నా ఉంచవచ్చు. షాదీఖానాలో నికాహ్ జరిపించే పెద్దలు విందుతో పాటు ఆడవారి మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో చూడవచ్చు. ప్రయాణంలో ఉన్న మగవారు తమ వెంట ఉన్న తల్లిని, భార్యను, కూతురిని తామే ముందుగా అడిగి, బస్సు ఆపించవచ్చు. ఇందులో వేలు ఖర్చయ్యేవి ఒకటి రెండే. మిగిలినవి మనసుకు సంబంధించినవి.

ఈసారి ఇంట్లో ఆడవాళ్లు బస్సెక్కబోతుంటే నీళ్ల సీసా చేతికివ్వండి. దారిలో ఎక్కడ దిగవచ్చో కూడా చెప్పి పంపండి. ఎదుటివారి కష్టాన్ని తొలగించినవారి కష్టాలను అల్లాహ్ తొలగిస్తాడన్న మాట ఆ చిన్న మరుగుకు కూడా వర్తిస్తుంది.